‘కానుక ఇచ్చాను’ అని స్పానిష్‌లో చెప్పలేకపోవడం ఎలా?

స్పానిష్ మొదలుపెట్టినవాళ్ళకు వర్తమానకాలం దాకా ఎవరి సలహాలూ అక్కర్లేదు. తింటాను, తాగుతాను, హైదరాబాదులో ఉంటాను అనుకుంటూ బండి నడిచిపోతుంది. ఏ2 అనే రెండో మెట్టు మీద భూతకాలం కాచుకుని కూర్చుంటుంది. డల్లాస్‌లో హైస్కూలు చదివే మన పిల్లలైనా, తార్నాకలో ఇఫ్లూకి వెళ్ళేవాళ్ళైనా, కంపెనీ మాడ్రిడ్ పంపిస్తుందన్న ఆశతో ఫోన్లో యాప్ వేసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళైనా చాలావరకు అక్కడే జారతారు. జారినవాళ్ళు మళ్ళీ లేవకుండా ఉండాలంటే ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతిని ఒక్క క్రియతో చూపిస్తాను: రెగలార్, అంటే కానుకగా ఇవ్వడం. కావాలనే దీన్ని ఎంచుకున్నాను. ఏ మెలికలూ లేని బుద్ధిమంతురాలైన క్రియ ఇది. ఇంత సులువైనదాన్ని పాడుచేసుకోగలిగితే మిగతావాటికి మీకు నా అవసరమే ఉండదు.

అన్నిటికన్నా ముందు తెలుగును దగ్గరికి రానివ్వకండి. స్పానిష్‌కు ఇంగ్లీషు మీదుగానే వెళ్ళాలి. విజయవాడ నుంచి గుంటూరుకు ఢిల్లీ మీదుగా వెళ్ళినట్టుంటుందని ఎవరైనా అంటే వినొద్దు. ఇంగ్లీషులో చూడండి ఎంత హాయో: ఐ గేవ్, యు గేవ్, హి గేవ్, దే గేవ్. ఎవరిచ్చినా ఒకటే మాట. ఆ హాయిలోంచి లేచి స్పానిష్ పట్టిక ముందు కూర్చోండి. నేనైతే రెగలే, నువ్వైతే రెగలాస్తే, అతనైతే రెగలో, మేమైతే రెగలామోస్, మీరంతా అయితే రెగలాస్తెయిస్, వాళ్ళైతే రెగలారోన్. ఒక్క ‘గేవ్’ అనే పనికి ఆరు రూపాలా అని గుండెలు బాదుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. అదే పట్టికను తెలుగు పక్కన పెడితే ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు, ఇచ్చింది, ఇచ్చాం, ఇచ్చారు అని పుట్టినప్పటి నుంచీ మనం చేస్తున్న పనే అని తేలిపోతుంది. బాదుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే పెట్టొద్దంటున్నాను.

ఇంగ్లీషు దారిలో ఇంకో లాభం ఉంది. ప్రతి వాక్యం ముందూ ‘యో’ తగిలించే అలవాటు వస్తుంది. యో అంటే నేను. స్పానిష్ వాళ్ళు మామూలుగా దాన్ని అనరు, క్రియ చివర చూస్తే ఎవరిచ్చారో తెలిసిపోతుంది గనక. మనమూ ఇంట్లో ‘ఇచ్చాను’ అనే అంటాం. ‘నేను’ కలిపామంటే ఎవరో కాదన్నారన్నమాట. అక్కడా అంతే. మీరు మాత్రం ‘యో రెగలే, యో రెగలే’ అంటూ ఉండండి. వినేవాళ్ళకు ‘నేను ఇచ్చాను, ఇంకెవరూ కాదు, నేనే’ అని వినిపిస్తుంది. అయిదు వందల రూపాయల ఫోటో ఫ్రేము ఇచ్చినా ఆ దెబ్బతో భూదానం చేసినంత పేరొస్తుంది.

రూపాలను గుర్తుపెట్టుకునే విషయానికొస్తే, చెవికి ఎలా వినిపిస్తే అలా అర్థం చేసుకోండి. రెగలాస్తే అంటే ‘నువ్వు ఇచ్చావు’ అని పుస్తకాలు చెబుతాయి. మన చెవికి మాత్రం అది ‘ఇస్తే’, ‘వస్తే’, ‘చూస్తే’ల చెల్లెల్లా వినిపిస్తుంది. చెవినే నమ్మండి. ఆవిడెవరో మీరిచ్చిన పుస్తకం గుండెకు హత్తుకుని ‘మే రెగలాస్తే ఉన్ లీబ్రో’, అంటే ‘నాకు పుస్తకం ఇచ్చావు’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మీరు ‘ఇస్తే? ఇస్తే ఏమిటి?’ అన్న ముఖంతో మిగతా వాక్యం కోసం ఎదురుచూస్తూ నిలబడండి. రెగలారోన్‌లో మాత్రం మన ‘ఇచ్చారు’లోని ‘ఆరు’ లీలగా వినిపిస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, ఉత్త కాకతాళీయం. కానీ ఒక్కసారి వింటే జన్మలో మరిచిపోరు. కాబట్టి ఈ వాక్యాన్ని మీరు చదవనట్టే లెక్క.

‘మీరంతా ఇచ్చారు’ అనే రెగలాస్తెయిస్ స్పెయిన్ సొత్తు. అట్లాంటిక్ దాటితే మెక్సికోలోనైనా, పెరూలోనైనా ‘మీరంతా’కూ ‘వాళ్ళు’కూ కలిపి రెగలారోన్ ఒక్కటే వాడతారు. అమెరికా బడుల్లో చాలామంది టీచర్లు ఆ అయిదో రూపాన్ని అసలు పట్టించుకోరు. మీరు పట్టుబట్టి నేర్చుకుని టెక్సాస్‌లో మెక్సికన్ పొరుగింటివాళ్ళ దగ్గర వాడండి. అర్థం చేసుకుంటారు, మర్యాదగా నవ్వుతారు, మళ్ళీ పండక్కి పిలిచేటప్పుడు కొంచెం ఆలోచిస్తారు.

తెలుగు కూడా ఒక్కచోట మనకు సాయపడుతుంది, అన్యాయంగా మాట్లాడకూడదు. పెద్దవాళ్ళను మనం ‘మీరు’ అని బహువచనంలో గౌరవిస్తాం. స్పానిష్‌లోనూ నువ్వు, మీరు వేరువేరుగా ఉన్నాయి; ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే గౌరవంగా మీరు. అయితే ఆ ఉస్తెద్ ఏకవచనమే, దానికి క్రియ ‘అతను ఇచ్చాడు’ అన్న రెగలో రూపమే. ఇక్కడ మన సంస్కారం వదులుకోవద్దు. ఒంటరిగా ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్ గారితో ‘రెగలారోన్’ అనండి. ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరు వచ్చారా అని చూస్తారు.

ఆడామగా తేడాకూ ఇలాంటిదే ఒక చక్కటి ఉపాయం ఉంది. స్పానిష్‌లో నామవాచకాలు ఎక్కువగా ఓతో ముగిస్తే పుంలింగం, ఆతో ముగిస్తే స్త్రీలింగం అని మొదటి పాఠంలోనే చెబుతారు. ఆ జ్ఞానాన్ని అక్కడే వదలకుండా క్రియల మీదికి తీసుకెళ్ళండి. అతను ఇచ్చాడంటే రెగలో, ఆమె ఇచ్చిందంటే రెగాలా. నిజానికి స్పానిష్ క్రియకు ఇచ్చాడు, ఇచ్చింది తేడా లేదు, ఇద్దరికీ రెగలోయే. రెగాలా అంటే ‘ఇస్తున్నాడు, ఇస్తుంది’ అనే వర్తమానం. అంటే మీ ఉపాయం ప్రకారం మగవాళ్ళు ఎప్పుడో ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు, ఆడవాళ్ళు ఇంకా ఇస్తూనే ఉన్నారు. ఆలోచిస్తే అబద్ధమనీ అనలేం.

ఇప్పుడు అసలు విద్యకు వద్దాం. అక్షరం నెత్తిన పెట్టే గీత. స్పానిష్‌లో ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో దాన్ని బట్టి మాట మారిపోతుంది. మన క్రియలోనే చూడండి, ఊనిక మధ్యలో పడితే రెగాలో, అంటే ‘కానుక’, లేదా ‘నేను కానుక ఇస్తున్నాను’. అదే ఊనిక చివరికి జరిగితే, నెత్తిన గీత పెడితే, ‘అతను కానుక ఇచ్చాడు’. తెలుగు చెవికి ఊనిక దీర్ఘంలా వినిపిస్తుంది, అందుకే మొదటిదాన్ని రెగాలో అనీ రెండోదాన్ని రెగలో అనీ రాసుకోవడం మన లిపిలో నిమిషం పని. ఇంగ్లీషు అక్షరాల్లో గీత లేకుండా రాసుకుంటే రెండూ ఒకటే అవుతాయి. అలాగే రాసుకోండి. ఫోన్లో గీత కోసం అక్షరాన్ని నొక్కిపట్టుకోవాలి. ఆ అర క్షణం ఎవరికుంది?

ఫలితం ఇలా ఉంటుంది. విందులో మీ చేతి వాచీ చూసి బాగుందని ఎవరో అంటారు. మా బావ ఇచ్చాడు అని చెప్పబోయి మీరు ఊనికను మధ్యలో వేస్తారు. ‘వాచీ కానుకగా ఇస్తున్నాను’ అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపిస్తుంది. ఒకాయన చెయ్యి చాస్తాడు. కంగారులో సర్దుకుని ‘నేనూ ఒకటి ఇచ్చాను’ అని చెప్పబోతారు. అక్కడ రెగలే అనాలి, ఊనిక చివర. మీరు రెగాలే అంటారు. అది ఉస్తెద్‌కు చెప్పే ప్రార్థన: ‘తమరు ఇప్పించండి’. అంటే రెండు వాక్యాల్లో మీ వాచీ దానం చేసి, ఎదుటివాడి వాచీ అడుక్కున్నారు. స్పెయిన్ పిల్లలు ఇలాంటప్పుడు సాంతా రీతా పేరు తలుచుకుని, ఇచ్చినది వెనక్కి తీసుకోకూడదని ప్రాసతో ఆటపట్టిస్తారు. ఆ సామెత మాత్రం మీకు అప్పుడు అర్థమవుతుంది.

గీతల మీద ఇంత నిర్లక్ష్యానికి మనసొప్పకపోతే వ్యతిరేక మార్గం ఉంది. కనబడ్డ చోటల్లా గీత పెట్టేయండి. దీనికి ‘దార్’ అనే క్రియ కావాలి. దార్ అంటే మామూలుగా ఇవ్వడం. దాని భూతకాలం ది, దిస్తే, దియో, దిమోస్, దిస్తెయిస్, దియెరోన్. ఈ దియో నెత్తిన పూర్వం గీత ఉండేది. స్పానిష్ రాయల్ అకాడమీ 1952లో కొత్త నియమాలు ప్రకటించి, 1959 నుంచి తప్పనిసరి చేసి, దాన్ని తీసేసింది. ఒకే అక్షరభాగం ఉన్న మాటకు ఊనిక ఎక్కడని వెతుక్కునే అవసరం లేదు గదా అని వాళ్ళ వాదన. మీరు ఆ నియమాలకు ముందు అచ్చయిన పాత నవల ఒకటి సంపాదించి, ఆ పేజీ తెరిచి, టీచరుతో వాదానికి దిగండి. పాఠం ఆ పూటకు ఆగిపోతుంది. వాదం కొంచెం లాగగలిగితే వారానికి.

దార్‌తో ఇంకో సౌకర్యం. పేరుకు అది రెగలార్ లాగే ‘ఆర్’తో ముగిసే క్రియ. భూతకాలంలో మాత్రం వేరే కుటుంబంలోకి దత్తు వెళ్ళినట్టు ‘ఎర్’, ‘ఇర్’ క్రియల చివరలు తగిలించుకుంటుంది. అందుకే రెగలేలో ఏ, ‘ది’లో ఇ. దీన్ని పట్టించుకోకుండా రెండింటినీ ఒకే మూసలో పోసి దే, దాస్తే, దో అని తయారుచేయండి. స్పానిష్ మాట్లాడే 20 దేశాల్లో ఎక్కడా లేని భూతకాలం మీ నోట పుడుతుంది.

రెగలామోస్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ‘మేం ఇస్తాం’కూ ‘మేం ఇచ్చాం’కూ ఈ క్రియలో ఒకటే మాట. నిన్న అని ఉంటే ఇచ్చాం, రోజూ అని ఉంటే ఇస్తాం. ఇది భాషలో లోపమని చెప్పి నేర్చుకోవడం మానేయండి.

ఇక అన్నిటికన్నా పెద్ద బండరాయి. స్పానిష్‌లో ‘ఇచ్చాడు’ అనడానికి రెగలో ఉంది, ఇంకొకటి రెగలాబా ఉంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు రెండింటికీ ‘గేవ్’ అని రాసుకుని ఏళ్ళ తరబడి తేడా వెతుకుతారు. వాళ్ళ కోసం మందపాటి పుస్తకాలున్నాయి, బాణం గుర్తుల బొమ్మలున్నాయి, ‘నిన్న’ కనబడితే ఇది, ‘ఎప్పుడూ’ కనబడితే అది అని బట్టీపట్టించే జాబితాలున్నాయి. ఆ జాబితాలు కొనండి. ‘ఎప్పుడూ’ పక్కన రెగలో కూడా దర్జాగా కూర్చోగలదని, ముగిసిపోయిన ఒక కాలం మొత్తాన్ని ఒకే చూపులో చూసి చెబితే అది తప్పు కాదని జాబితా మీకు చెప్పదు. అంత వరకు మంచిదే.

అసలు ప్రమాదం ఇంట్లోనే ఉంది. ‘మామయ్య ప్రతి సంక్రాంతికీ బట్టలు పెట్టేవాడు, ఆ ఏడు మాత్రం సైకిలు కొనిచ్చాడు.’ ఈ వాక్యం అనడానికి ఏ తెలుగు పిల్లవాడికీ వ్యాకరణం టీచరు అవసరం రాలేదు. పెట్టేవాడు అన్నచోట రెగలాబా, కొనిచ్చాడు అన్నచోట రెగలో. ఇచ్చేదాన్ని, ఇచ్చేవాళ్ళం, ఇచ్చేవారు అని మనకు అలవాటును చెప్పే వరస పూర్తిగా ఉంది. రెగలాబా వాడే చోట్లన్నీ ఇందులోకి రావు. ‘ఇస్తూ ఉండగా కరెంటు పోయింది’ అనడానికీ అక్కడ అదే రూపం. అయినా ముప్పాతిక దారి నడిచే వచ్చాం మనం. అంత దూరం నడిచినవాణ్ణి వెనక్కి తీసుకెళ్ళి ‘గేవ్’ దగ్గర నిలబెట్టడమే నా పద్ధతిలో ఆయువుపట్టు.

రెండింటినీ తారుమారు చేస్తే చరిత్ర కూడా రంగెక్కుతుంది. మాడ్రిడ్ నడిబొడ్డున దేబోద్ ఆలయం అని ఒక ఈజిప్టు గుడి ఉంది. నైలు మీద అస్వాన్ పెద్ద డ్యాము కడుతుంటే అబూ సింబెల్ లాంటి ఆలయాలు మునిగిపోయే పరిస్థితి వచ్చింది. కృష్ణలో నాగార్జునకొండ మునిగిన రోజులూ అవే. ఆ గుళ్ళను కాపాడటానికి చెయ్యి వేసినందుకు కృతజ్ఞతగా ఈజిప్టు 1968లో దేబోద్‌ను స్పెయిన్‌కు ఇచ్చేసింది. రాళ్ళు విప్పి, ఓడల్లో తెచ్చి, మళ్ళీ పేర్చి 1972లో జనానికి తెరిచారు. ఒకసారి జరిగిన పని, అయిపోయిన పని: ‘ఎహీప్తో లే రెగలో’. మీరు రెగలాబా అనండి. ఈజిప్టు స్పెయిన్‌కు గుళ్ళు ఇస్తూ ఉండేదని, ఏటా పండక్కి ఒకటి పంపేదని అర్థం వస్తుంది. ఎవరైనా అడ్డుపడితే అమెరికాకు దెందూర్, నెదర్లాండ్స్‌కు తఫా, ఇటలీకి ఎల్లెసియా కూడా ఇచ్చారు కదా అని గదమాయించండి. నిజంగానే ఇచ్చారు.

ఎవరికి ఇచ్చారన్నది ఇంకో ముడి. ‘నాకు ఇచ్చాడు’ అంటే ‘మే రెగలో’. నాకు ముందు, ఇచ్చాడు తర్వాత. తెలుగు వరసే. దీన్ని ఇంగ్లీషు వరసలోకి తిప్పి ‘రెగలో మే’ అనండి. ‘మరియాకు ఉంగరం ఇచ్చాడు’ అనడానికి స్పానిష్‌లో మరియా ఉన్నా సరే ముందు ‘లే’ అని ఒక చిన్న మాట వేస్తారు. అది అనవసరమని కొట్టేయండి. ‘దాన్ని ఆమెకు ఇచ్చాడు’ అనే చోట ఈ లే, ‘దాన్ని’ అనే లో రెండూ పక్కపక్కన పడాలి, కానీ స్పానిష్ నాలుకకు అది పడదు, లే కాస్తా సే అయిపోయి ‘సే లో రెగలో’ అంటారు. మీరు ‘లే లో రెగలో’ అని పట్టుబట్టండి. వినడానికి జోలపాటలా ఉంటుంది.

దేశాల సంగతికి వస్తే, ఎక్కడికెళ్ళినా ఒకే పాఠం అప్పజెప్పడం ముఖ్యం. కొలంబియాలో హోటల్లో కూర్చున్నవాళ్ళు ‘మే రెగాలా ఉన్ తింతో’ అని అడుగుతారు. మాటకు మాట చూస్తే ‘నాకు ఒక తింతో కానుకగా ఇస్తారా’. అక్కడ అది మర్యాదగా అడిగే తీరు, అంతే. టైమెంతో చెప్పమన్నా, కాగితం మీద సంతకం పెట్టమన్నా అదే క్రియ వాడతారు. పుస్తకం మీద భక్తి ఉన్నవాళ్ళు కాఫీ తాగేసి, చెయ్యి తుడుచుకుని, కానుకకు డబ్బులేమిటని లేచి వచ్చేయాలి. తింతో అంటే కొలంబియాలో పాలు లేని కాఫీ అనీ, స్పెయిన్‌లో ఎర్ర వైన్ అనీ కూడా తెలుసుకోవద్దు. పొద్దున్నే మాడ్రిడ్‌లో తింతో అడిగితే ఆ రోజు క్లాసు మరింత ఉత్సాహంగా సాగుతుంది.

స్పెయిన్‌లో పిల్లలకు అసలు కానుకల పండగ జనవరి 6. ముందురోజు సాయంత్రం మెల్చోర్, గాస్పర్, బల్తసార్ అనే ముగ్గురు రాజులు ఊరేగింపుగా వచ్చి పిల్లల మీదికి మిఠాయిలు విసురుతారు. రాత్రి పిల్లలు బూట్లు శుభ్రం చేసి పెట్టుకుంటారు. అల్లరి చేసినవాళ్ళకు బొగ్గు, ఈ రోజుల్లో అది చక్కెరతో చేసిన బొగ్గే. పొద్దున ‘రోస్కోన్’ అనే గుండ్రటి తీపి రొట్టె కోస్తారు. లోపల దాచిన బొమ్మ దొరికినవాడు ఆ రోజుకు రాజు, చిక్కుడు గింజ దొరికినవాడు రొట్టె డబ్బు కట్టాలి. ఇన్ని కానుకల మధ్య రెగలార్ తప్ప వేరే క్రియ ఉండదనుకుంటారు కదా? అక్కడి పిల్లలు రాజులు ‘తెచ్చారు’ అంటారు, త్రాయేర్ అనే క్రియతో. అత్తయ్య ఇస్తే రెగలార్, రాజులైతే త్రాయేర్. పైగా ఈ పొద్దున జరిగినదాన్ని స్పెయిన్‌లో ఎక్కువమంది రెగలారోన్ అనరు, ‘అన్ రెగలాదో’ అంటారు. మెక్సికోలో రెగలారోన్ అనే అంటారు. ఇవన్నీ ఒక పండగ పూట ఎవరింట్లోనైనా కూర్చుంటే చెవిన పడిపోతాయి. కనుక జనవరి 6న ఇంట్లోనే ఉండి పట్టిక మరోసారి రాయండి.

సాధన గురించి కొన్ని నిషేధాలు చెప్పి ముగిస్తాను. ఇవి చాలా కచ్చితంగా పాటించాలి.

ఇంట్లో బీరువా అడుగున పెళ్ళినాటి చదివింపుల పుస్తకం ఉంటుంది. దాన్ని బయటికి తీయొద్దు. ఫలానా ఊరి ఫలానావారు వెయ్యి నూటపదహార్లు, పెదనాన్నగారి కుటుంబం స్టీలు బిందె, ఆఫీసువాళ్ళంతా కలిసి గోడ గడియారం అని వరసగా రాసి ఉంటుంది. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఒక్కరైతే రెగలో, దంపతులైతే రెగలారోన్ అనుకుంటూ పోయారంటే నాలుగు పేజీలు తిరిగేలోపు నాలుకకు పట్టుకుంటుంది. చదివించిన చెల్లెలు పక్కనే ఉంటే ‘రెగలాస్తే’ అని నేరుగా ఆమెతోనే అనొచ్చు. ఆ తర్వాత వాళ్ళింటి పెళ్ళిలో మనం ఎంత చదివించామో గుర్తొస్తే రెగలామోస్ కూడా అయిపోతుంది. చూశారా, ఎంత ప్రమాదమో!

డల్లాస్ పిల్లలు తోటి విద్యార్థిని పదిహేనో పుట్టినరోజు పండగకు, అంటే ‘కిన్సెయాన్యెరా’కు పిలిస్తే వెళ్ళొద్దు. మెక్సికన్ కుటుంబాల్లో ఆ వేడుకకు కేకు ఒకరు, గౌను ఒకరు, పాటల బృందం ఇంకొకరు భరించడం మామూలు; అలా భరించేవాళ్ళను పాద్రీనోస్ అంటారు. ఓణీల వేడుకకు మేనమామలు ఎవరెవరు ఏం తెచ్చారో లెక్క తెలిసిన మన పిల్లలకు అక్కడ ఎవరేం ఇచ్చారన్న కబుర్లు ఇట్టే అర్థమైపోతాయి. ఆ కబుర్లన్నీ భూతకాలంలోనే సాగుతాయి.

అనంతపురం వైపు అసలే వెళ్ళొద్దు. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రెర్, అక్కడివాళ్ళు ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకునే మనిషి, 1969లో వచ్చి 2009లో కన్నుమూసే దాకా ఆ జిల్లాలో పనిచేశారు. ఆయన స్థాపించిన ఆర్‌డీటీ అనే సంస్థ ద్వారా స్పెయిన్ కుటుంబాలు ఇక్కడి పిల్లలకు అండగా నిలుస్తాయి. అలా నిలిచేవాళ్ళకూ పాద్రీనోస్ అనే పేరు. పిల్లలు ఇక్కడి నుంచి వాళ్ళకు ఉత్తరాలు రాస్తారు, అవి స్పానిష్‌లోకి మారి సముద్రం దాటుతాయి. అక్కడి పల్లెల యువతకు విదేశీ భాషలు నేర్పే బడి కూడా ఆ సంస్థకుంది. స్పానిష్ నేర్చుకోవాలంటే ఇంగ్లీషు మీదుగానే పోవాలన్న నా సిద్ధాంతానికి, తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు స్పానిష్ మాట్లాడుతుంటే ఎంత నష్టమో మీరే ఆలోచించండి.

పుస్తకాల్లో ఒక్కదాన్ని పేరు పెట్టి నిషేధిస్తున్నాను. అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసార్ 1962లో వేసిన ‘క్రోనోపియోల, ఫామాల కథలు’. అందులో ఏడవడం ఎలా, మెట్లెక్కడం ఎలా అని సూచనల మాన్యువల్ ఒకటి ఉంది. నా వ్యాసానికి పోటీ కనుక నిషేధిస్తున్నానని అనుకునేరు. కారణం వేరే. వాచీకి కీ ఇవ్వడం ఎలా అన్న సూచనలకు ఒక చిన్న ముందుమాట రాశాడాయన. మనకు వాచీ ఇచ్చారనుకుంటాం, నిజానికి మనల్నే వాచీకి ఇచ్చారని దాని సారాంశం. పేజీకి మించని ఆ రచన నిండా రెగలార్ వర్తమానంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఇచ్చేదెవరో చెప్పకుండా, అచ్చం మనం ‘నాకు వాచీ ఇచ్చారు’ అని కర్త లేకుండా అనేసినట్టు. ఆ పేజీని భూతకాలంలోకి మార్చి రాసినవాడికి రెగలారోన్ ఇక పోదు. పైగా చదువుతుంటే నవ్వొస్తుంది, నవ్వుతూ నేర్చుకున్నది మరీ గట్టిగా నిలుస్తుంది.

ఇంత చెప్పినా మీలో కొందరు గాడి తప్పుతారని నాకు తెలుసు. పరీక్షలో ‘మీరు ఇచ్చిన ఒక కానుక గురించి రాయండి’ అని అడుగుతారు. మనసులో ‘ఇచ్చాను’ అని మెదులుతుంది, చెయ్యి దానంతటదే రెగలే అని రాసి, చివరి అక్షరం నెత్తిన గీత కూడా పెట్టబోతుంది. అప్పుడు వెంటనే పెన్ను కింద పెట్టి, కళ్ళు మూసుకుని ‘ఐ గేవ్’ అని మూడుసార్లు అనుకోండి. అయినా గీత పడిపోతే మాత్రం ఈ సలహాలు ఎవరిచ్చారో బయట చెప్పకండి.